హోమ్ సర్వర్‌లో ఓఎస్ మళ్లీ వేశాక ఫైళ్లు కనబడకపోతే ఏం చేయాలి: మొదటి నుంచి చివరిదాకా

ఉబుంటు మళ్లీ వేశారు, అప్‌డేట్లు అయ్యాయి, డాకర్ (యాప్‌లను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఎక్కించారు, తీరా ఫొటోల ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉంది. మీరిప్పుడు సరిగ్గా ఈ స్థితిలోనే ఉంటే మిగతాది చదివే ముందు వెళ్లి సర్వర్ ఆపేసి రండి. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపినా ఫర్వాలేదు, కొత్తగా వేసిన ఓఎస్‌లో కాపాడుకోవాల్సింది ఏముంది గనక.

ఎందుకింత తొందర అంటే, మీరు కీబోర్డు ముట్టుకోకపోయినా లైనక్స్ మాత్రం ఊరికే కూర్చోదు. ఎంత పెద్ద డిస్క్ అయినా ఈఎక్స్‌టీ4 (లైనక్స్ మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్లను సర్దే పద్ధతి) ఫార్మాట్ చిటికెలో అయిపోతుంది చూశారా, అది పనంతా అప్పుడే చేయదు కాబట్టి. ఐనోడ్ టేబుళ్లను సున్నాలతో నింపే పనిని మిగుల్చుకుని, డిస్క్ మౌంట్ అయ్యాక (అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించి వాడుకలోకి తెచ్చాక) కెర్నల్‌లోని ఈఎక్స్‌టీ4 లేజీ ఇనిట్ అనే థ్రెడ్‌తో వెనకాల తీరిగ్గా చేయిస్తుంది. పాత ఫైళ్లు డిస్క్‌లో ఏ మూల ఉన్నాయి, సైజెంత, తేదీ ఏంటి అనే వివరాలుండేది ఆ ఐనోడ్లలోనే. అంటే సర్వర్ ఆన్‌లో ఉన్నంతసేపూ అవి ఒక్కొక్కటే తుడుచుకుపోతుంటాయి. ఎస్ఎస్‌డీ అయితే వారానికోసారి నడిచే ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంకో పని కూడా ఇప్పుడే చేసేయండి. ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్లలోనూ ఈ సర్వర్‌తో సింక్ అయ్యే యాప్‌లు ఏమున్నా, నెక్స్ట్‌క్లౌడ్ కావచ్చు, సింక్‌థింగ్ కావచ్చు, అన్నీ ఆపేయండి. సర్వర్ ఖాళీగా కనబడితే "అక్కడ డిలీట్ చేశారు కాబోలు" అనుకుని ఇక్కడి కాపీని కూడా లేపేసే అవకాశం ఉంది. ఒక్కోసారి మీకు మిగిలిన ఏకైక బ్యాకప్ ఇంట్లో ఎవరో ఒకరి ఫోనే అవుతుంది, దాన్ని కాపాడుకోవడం డిస్క్ రికవరీ కన్నా చాలా తేలిక.

ఒక మాట: కింద కమాండ్లన్నీ పలికినట్టే తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు, పెద్ద అక్షరం అని చెప్పినచోట తప్ప, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ఏం జరిగిందో ముందు తేల్చుకోండి

నేను చూసినంతలో రీఇన్‌స్టాల్ వల్ల పోయే డేటా తక్కువ, ఆ తర్వాత మొదటి గంటలో కంగారుగా కొట్టే కమాండ్ల వల్ల పోయేదే ఎక్కువ. అందుకే ఏ టూల్ దించుకునే ముందైనా మన కేసు ఏ రకమో తేలాలి. ఇన్‌స్టాలర్‌లో ఏ డిస్క్ ఎంచుకున్నారో గుర్తు తెచ్చుకోండి. ఓఎస్ ఒక ఎస్ఎస్‌డీ మీద, డేటా వేరే హార్డ్ డిస్క్ మీద ఉండి, మీరు ఎస్ఎస్‌డీనే ఎంచుకుని ఉంటే చాలావరకు గండం గడిచినట్టే. "డిస్క్ మొత్తం వాడుకో" అన్న ఆప్షన్‌తో పొరపాటున డేటా డిస్క్‌నే ఎంచుకుంటే పని పెద్దది, అయినా పుట్టి మునిగినట్టు మాత్రం కాదు.

ఎందుకంటే ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌కి ఒక అలవాటుంది. దాన్ని తిట్టుకోని వాళ్లు లేరు గానీ ఇక్కడ మాత్రం అదే మనల్ని కాపాడుతుంది. మామూలుగా అది ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని వాల్యూమ్‌లుగా పంచే పొర) పెడుతుంది, డిస్క్ 200 జీబీ దాటితే ఓఎస్ ఉండే రూట్ వాల్యూమ్‌కి 100 జీబీనే ఇచ్చి మిగతాదంతా ఖాళీగా వదిలేస్తుంది. అంటే 4 టీబీ డిస్క్ మీద పొరపాటున ఉబుంటు వేసినా అది రాసేది మొదట్లోని వంద జీబీ చిల్లర లోపలే, మిగతా డిస్క్‌ని దాదాపు తాకదు. రూట్ చిన్నగా ఉందే అని వెంటనే ఎల్‌వీఎక్స్‌టెండ్ కొట్టి సాగదీసేసే అలవాటున్న వాళ్లు ఈసారికి ఆ చేతిని ఆపుకోండి.

ఇక బూటబుల్ పెన్‌డ్రైవ్ చేయండి. నేనైతే సిస్టమ్‌రెస్క్యూ వాడతాను, దాంట్లో టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్, డీడీరెస్క్యూ అనే రికవరీ టూల్స్ ముందే ఉంటాయి, డిస్కుల్ని దానంతట అది మౌంట్ చేయదు. జెడ్‌ఎఫ్ఎస్ (డిస్కుల్ని పూల్‌గా కలిపి వాడే ఫైల్‌సిస్టమ్) వాడేవాళ్లకు ఉబుంటు లైవ్, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు, మేలు, కాకపోతే ఫైల్ మేనేజర్‌లో డిస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే రాసుకునే మోడ్‌లో మౌంట్ అయిపోతుంది, అక్కడ వేలు అదుపులో పెట్టుకోవాలి.

ఆఫీస్ ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ డిస్క్ తగిలించకండి. బెంగళూరులో మనవాళ్లలో సగం మంది ఇళ్లలో చేతికందేది కంపెనీ విండోస్ ల్యాప్‌టాప్పే. సాధారణంగా యూఎస్‌బీ స్టోరేజ్ బ్లాక్ చేసి ఉంటుంది, చేయకపోతే ఇంకా ప్రమాదం: విండోస్‌కి లైనక్స్ ఫైల్‌సిస్టమ్ అర్థం కాక "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని ఒక బాక్స్, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే "ఇనిషియలైజ్ చేయమంటారా" అని ఇంకో బాక్స్ వస్తాయి. రెండిట్లోనూ వేలు పడే చోటే ఓకే బటన్ ఉంటుంది.

లైవ్‌లోకి వచ్చాక మొదట ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ని ఎఫ్ ఆప్షన్‌తో కొట్టండి. ఇది ఏమీ రాయదు, చూపిస్తుందంతే. ఇందులో ఎఫ్ఎస్‌టైప్ అనే కాలమే మన జాతకం. డేటా డిస్క్ ఎదురుగా ఈఎక్స్‌టీ4 అనో ఎక్స్‌ఎఫ్ఎస్ అనో, మీరు ఎప్పుడో పెట్టుకున్న లేబుల్‌తో సహా కనబడితే ఊపిరి పీల్చుకోండి. లైనక్స్ రెయిడ్ మెంబర్ (చాలా డిస్కుల్ని ఒకటిగా కలిపినది), ఎల్‌వీఎం2 మెంబర్, జెడ్‌ఎఫ్ఎస్ మెంబర్, క్రిప్టో లక్స్ (ఎన్‌క్రిప్ట్ చేసినది) అని ఉంటే డేటా ఒక పొర లోపల ఉంది, ఆ పొర విప్పాలి. ఏ పార్టిషనూ లేకుండా డిస్క్ పేరు మాత్రమే ఉంటే పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్‌ని ఎక్కడెక్కడ విడగొట్టారో చెప్పే పట్టిక, పోయి ఉండొచ్చు. 1 జీబీ, 2 జీబీ చిన్న పార్టిషన్లు రెండు, వాటి కింద ఉబుంటు వీజీ అనే పేరు కనబడితే ఓఎస్ ఆ డిస్క్ మీదే కూర్చుందన్నమాట.

డిస్కులకు లైనక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్మకండి, బూట్ అయిన ప్రతిసారీ మారిపోగలవు. అదే కమాండ్‌కి సీరియల్ కాలమ్ కూడా జోడించి, డిస్క్ మీది స్టిక్కర్‌లో ఉన్న సీరియల్ నంబర్‌తో సరిచూసుకుని కాగితం మీద రాసుకోండి. ఒకే సైజు డిస్కులు రెండున్న పెట్టెలో ఈ ఒక్క కాగితం లేకే క్లోన్ (డిస్క్‌కి అచ్చు కాపీ) తలకిందులుగా చేసి మంచి డిస్క్ మీద ఖాళీ డిస్క్‌ని పరిచేస్తారు.

డిస్క్ బాగుంది, మౌంట్ కాలేదంతే

ఎక్కువ మంది కథ ఇక్కడే అయిపోతుంది. కొత్త ఓఎస్‌కి పాత ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్ (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండేది) తెలియదు కాబట్టి డిస్క్ మౌంట్ చేయలేదు, మీరు చూసింది ఉత్త ఫోల్డర్‌ని. ముందు చదువుకునే మోడ్‌లోనే మౌంట్ చేయండి: ఈఎక్స్‌టీ4 అయితే ఆర్‌ఓ, నోలోడ్ అనే రెండు ఆప్షన్లతో, ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే ఆర్‌ఓ, నోరికవరీతో. ఆర్‌ఓ ఒక్కటే ఇస్తే సరిపోదా అంటే, జర్నల్‌లో (డిస్క్ మీద చేయబోయే మార్పుల్ని ఫైల్‌సిస్టమ్ ముందుగా రాసుకునే చోటు) మిగిలిన పని ఏదైనా ఉంటే దాన్ని పూర్తి చేయడానికి ఆర్‌ఓ మోడ్‌లో కూడా డిస్క్ మీద రాస్తుంది, ఆ రెండో ఆప్షన్ దాన్నే ఆపుతుంది.

ఫైళ్లు కనబడ్డాయా? ముందు ముఖ్యమైనవి వేరే డిస్క్‌కి కాపీ చేసుకుని, ఆ తర్వాతే సర్వర్‌లోకి వెళ్లి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతో (ఆ ఫైల్‌సిస్టమ్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబర్) ఎంట్రీ రాయండి. నోఫెయిల్ ఆప్షన్ కలపండి, లేకపోతే ఎప్పుడైనా ఆ డిస్క్ ఊడిపోతే సర్వర్ బూట్ మధ్యలోనే ఆగిపోతుంది.

దీంట్లో ఒక మాయ ఉంది. మహదేవపురలో ఉండే నెల్లూరు స్నేహితుడొకడు రాత్రిపూట ఫోన్ చేశాడు, ఫొటోల యాప్ తెరిస్తే "కొత్త అడ్మిన్ అకౌంట్ పెట్టుకోండి" అంటోంది, వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలన్నీ పోయాయని టెన్షన్. జరిగింది ఇదీ: డిస్క్ మౌంట్ కాకముందే డాకర్ లేచింది, ఆ దారిలో ఫోల్డర్ లేకపోతే తానే సృష్టించుకుంది, అందులో సరికొత్త డేటాబేస్ పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది. కంటైనర్లు ఆపి డిస్క్ మౌంట్ చేసి మళ్లీ లేపితే ఫొటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మీకూ ఇలా కనబడితే అడ్మిన్ అకౌంట్ పెట్టకండి, ఫోన్ నుంచి మళ్లీ అప్‌లోడ్ మొదలుపెట్టకండి, ముందు డాకర్ ఆపండి.

తర్వాత వచ్చేది పర్మిషన్ల గొడవ. పాత ఓఎస్‌లో మీ యూజర్ నంబర్ 1001 అయ్యి ఇప్పుడు 1000 అయితే, ఫైళ్ల పక్కన ఓనర్ పేరుండాల్సిన చోట అంకె కనబడుతుంది. అందరూ చేసే పని డిస్క్ మొత్తానికి ఓనర్‌ని మార్చేయడం, అది చేయకండి. 33 అని ఉన్నవి వెబ్ సర్వర్ యూజర్‌వి, నెక్స్ట్‌క్లౌడ్ ఫైళ్లు సాధారణంగా దాని పేరు మీదే ఉంటాయి. 999 అని ఉన్నది చాలాసార్లు పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌ది, దాన్ని మార్చితే డేటాబేస్ లేవనంటుంది. మీ సొంత ఫోల్డర్లకు మాత్రమే మార్చుకోండి.

రెయిడ్, ఎల్‌వీఎం, జెడ్‌ఎఫ్ఎస్ ఉన్నవాళ్లకు

ఇక్కడ ఒకే సూత్రం: క్రియేట్ అనే పదమున్న కమాండ్ ఏదీ కొట్టొద్దు. పాత అమరిక ఆ డిస్కుల మీదే రాసి ఉంది, దాన్ని చదవమని అడగడమే మన పని.

లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ముందు ఎండీఏడీఎం ఎగ్జామిన్‌తో ఒక్కో డిస్క్‌నీ చూసి, వచ్చింది ఎక్కడైనా దాచుకోండి. తర్వాత అసెంబుల్, స్కాన్ ఆప్షన్లతో, రీడ్‌ఓన్లీ కలిపి లేపండి. ఎండీ127 అనే వింత పేరుతో రావచ్చు, కంగారు పడకండి, కొత్త ఓఎస్ కాన్ఫిగ్‌లో ఆ రెయిడ్ పేరు లేకపోవడమే కారణం. అసెంబుల్ కాలేదని క్రియేట్ కొడితే మాత్రం డిస్కుల వరస తప్పినా, వెర్షన్ మారి డేటా మొదలయ్యే చోటు తేడా వచ్చినా, సింక్ మొదలై ఉన్నది కాస్తా ఊడ్చుకుపోతుంది. ఇప్పటికే కొట్టేసి ఉంటే ఆ సింక్‌ని ఈ క్షణమే ఆపండి, నడిచిన మేరకే నష్టం.

పార్టిషన్ లేకుండా డిస్క్ మొత్తాన్నీ నేరుగా రెయిడ్‌కి ఇచ్చినవాళ్లకు ఇంకో చిక్కుంది. 1.2 రకం సూపర్‌బ్లాక్ (అమరిక వివరాలన్నీ రాసి ఉండే బ్లాక్) డిస్క్ మొదట్లో 4 కేబీ దగ్గర ఉంటుంది, సరిగ్గా జీపీటీ పార్టిషన్ టేబుల్ పరుచుకునే చోట. ఇన్‌స్టాలర్ అక్కడ కొత్త టేబుల్ రాసినా, కొన్ని మదర్‌బోర్డుల బయాస్ "పాడైన టేబుల్‌ని బాగుచేస్తా" అని దిగినా సూపర్‌బ్లాక్ ఎగిరిపోతుంది, డేటా మాత్రం అలాగే ఉంటుంది. మిర్రర్ అయితే క్లోన్ మీద టెస్ట్‌డిస్క్‌తో లోపలి ఫైల్‌సిస్టమ్‌ని నేరుగా పట్టుకోవచ్చు. రెయిడ్ 5 అయితే వరస, చంక్ సైజు, డేటా మొదలయ్యే చోటు అన్నీ కుదరాలి, అనుభవం లేకుండా అసలు డిస్కుల మీద దిగొద్దు.

ఎల్‌వీఎం అయితే వీజీఎస్, ఎల్‌వీఎస్ కొట్టి చూసి, వీజీచేంజ్ ఏవై అంటే వాల్యూమ్‌లు లేస్తాయి. పాత డిస్క్ మీదా, కొత్త ఓఎస్ మీదా ఉబుంటు వీజీ అనే పేరే ఉంటే రెండూ కొట్టుకుంటాయి, అప్పుడు పాతదాన్ని దాని యూయూఐడీతో వీజీరీనేమ్ చేయాలి. ఎల్‌వీఎం వివరాలు పోయినట్టుంటే ఫిజికల్ వాల్యూమ్ మొదటి 1 ఎంబీలో పాత మెటాడేటా మామూలు టెక్స్ట్‌గా ఉంటుంది, పీవీసీకే కమాండ్ డంప్ ఆప్షన్‌తో దాన్ని బయటికి తీసి వీజీసీఎఫ్‌జీరిస్టోర్‌కి ఇవ్వొచ్చు.

జెడ్‌ఎఫ్ఎస్ అన్నిటికన్నా మర్యాదస్తుడు. జెడ్‌పూల్ ఇంపోర్ట్ అని ఊరికే కొడితే దొరికిన పూల్స్ చూపిస్తుంది. "వేరే సిస్టమ్ వాడింది" అని మొరాయిస్తే ఎఫ్ ఆప్షన్ ఇవ్వాలి, హోస్ట్ ఐడీ మారింది కాబట్టి ఆ మాట రావడం మామూలే. మొదటిసారి రీడ్‌ఓన్లీ ఆన్‌తో, పెద్ద అక్షరం ఆర్ ఆప్షన్‌తో వేరే దారికి మౌంట్ చేయండి. డిస్ట్రాయ్ చేసిన పూల్‌ని కూడా పెద్ద అక్షరం డీ ఆప్షన్‌తో ఇంపోర్ట్ చేయొచ్చని చాలామందికి తెలియదు. జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేయమని అడిగితే ఇప్పుడే వద్దు, అది చేశాక పాత వెర్షన్‌తో తెరవలేకపోవచ్చు. ట్రూనాస్ (జెడ్‌ఎఫ్ఎస్ మీద నడిచే స్టోరేజ్ ఓఎస్) వాళ్లు ఇదే పని వెబ్ పేజీలోని ఇంపోర్ట్ పూల్ నుంచి చేసుకోవచ్చు, పక్కనే ఉండే క్రియేట్ పూల్ జోలికి పోకుండా.

బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌కి సూపర్‌బ్లాక్ కాపీలు 64 కేబీ, 64 ఎంబీ, 256 జీబీ దగ్గర ఉంటాయి కాబట్టి మొదటిది పోయినా దారుంది. మౌంట్ కాకపోతే బీటీఆర్‌ఎఫ్ఎస్ రిస్టోర్‌తో వేరే డిస్క్‌కి ఫైళ్లు లాగండి, చెక్ రిపేర్ జోలికి వెళ్లొద్దు.

లక్స్ ఎన్‌క్రిప్షన్ సంగతి ఖచ్చితంగా చెప్పాలి. లక్స్2 హెడర్ మామూలుగా డిస్క్ మొదట్లో 16 ఎంబీ ఉంటుంది, అసలు తాళం చెవి అందులోనే ఉంటుంది, మీకు గుర్తున్న పాస్‌వర్డ్ ఆ చెవిని తీయడానికే. ఆ ప్రాంతం మీద ఇన్‌స్టాలర్ రాసేసి, హెడర్ బ్యాకప్ మీ దగ్గర లేకపోతే పాస్‌వర్డ్ గుర్తున్నా ఏమీ రాదు, ఏ ల్యాబూ తేలేదు. తెస్తామని డబ్బులు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

ముందు క్లోన్, తర్వాతే మిగతావన్నీ

డిస్క్ మీద ఓఎస్ రాసేసిందనో, పార్టిషన్లు పోయాయనో తేలితే ఇకమీద పనంతా కాపీ మీదే. అసలు డిస్క్ కన్నా పెద్దదో, కనీసం అంతేదో ఇంకో డిస్క్ కావాలి. ఖర్చే, కానీ ఇక్కడ పిసినారితనం చేస్తే మొదటికే మోసం వస్తుంది. బెంగళూరులో అయితే కేఆర్ మార్కెట్ మెట్రో దిగి నడిస్తే ఎస్పీ రోడ్డు, డిస్కులూ, వాటిని యూఎస్‌బీకి తగిలించే డాకులూ అన్నీ దొరుకుతాయి, ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి కాబట్టి శనివారమే వెళ్లండి. డాక్ కొనేటప్పుడు యూఎస్‌బీ 3 అవునో కాదో చూసుకోండి. 4 టీబీ డిస్క్ సెకనుకు 150 ఎంబీ చొప్పున ఏడున్నర గంటల్లో కాపీ అవుతుంది, అదే యూఎస్‌బీ 2 డాక్‌లో సెకనుకు 35 ఎంబీ వస్తే 32 గంటలు పడుతుంది. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొంటే ఇంటికొచ్చాక డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌తో చూడండి, చెడిన సెక్టార్ల లెక్క చెప్పే 5, 197, 198 నంబర్ల వరసల్లో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే తిరిగిచ్చేయండి. పోయిన డేటా ఉన్న డిస్క్‌కి కూడా ఇదే పరీక్ష చేయండి.

కాపీకి డీడీరెస్క్యూ వాడండి, మామూలు డీడీ వద్దు. ఉబుంటులో దీని ప్యాకేజీ పేరు ముందు ఒక జీ అక్షరం అదనంగా ఉంటుంది, కమాండ్‌లో ఆ జీ ఉండదు. మూడు విషయాలు ఇవ్వాలి: మొదట అసలు డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైల్, చివర మ్యాప్ ఫైల్. ఈ మూడోదాన్ని ఎప్పుడూ వదలొద్దు, ఏ సెక్టార్ దాకా చదివిందో అందులో రాసుకుంటుంది. మన అపార్ట్‌మెంట్లలో కరెంట్ పోయి జనరేటర్ అందుకునేలోపు ఆ నాలుగైదు సెకన్లలో యూపీఎస్ లేని పెట్టె రీస్టార్ట్ అవుతుంది కదా, మ్యాప్ ఫైల్ ఉంటే మళ్లీ అదే కమాండ్ కొడితే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌లో పనిచేసేటప్పుడు ఇమేజ్, మ్యాప్ రెండూ కొత్త డిస్క్ మీదే పెట్టండి, ర్యామ్‌లో ఉన్నది రీస్టార్ట్‌తో పోతుంది. చెడు సెక్టార్లుంటే మొదటి విడత ఎన్ ఆప్షన్‌తో తేలిగ్గా చదివేది చదివించి, తర్వాత ఆర్3 తో మొండివాటి దగ్గరికి పంపండి.

ఇమేజ్ రెడీ అయ్యాక అసలు డిస్క్ తీసి పక్కన పెట్టేయండి.

పార్టిషన్ టేబుల్ పోతే

ఫ్లాట్ నంబర్ల బోర్డు పీకేసిన అపార్ట్‌మెంట్ అనుకోండి, లోపల జనం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్ నడపండి. లాగ్ క్రియేట్ చేయనిచ్చి, టేబుల్ రకం అది చెప్పిందే ఉంచి, అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్. అందులో పాత పార్టిషన్ రాకపోతే డీపర్ సెర్చ్, దీనికి గంటలు పట్టొచ్చు. ఏదైనా పార్టిషన్ దొరికితే రైట్ (టేబుల్‌ని తిరిగి రాసే మెనూ) కొట్టే ముందు దాని మీద పీ నొక్కండి. మీ ఫోల్డర్ల పేర్లు కనబడితే అదే మన పాత పార్టిషన్. అక్కడి నుంచే సీ నొక్కి ఫైళ్లను వేరే డిస్క్‌కి కాపీ చేసుకోవచ్చు, టేబుల్ తిరిగి రాయాల్సిన అవసరమే చాలాసార్లు రాదు. ఫోల్డర్లు కనబడకుండా "ఫైల్‌సిస్టమ్ పాడైంది" అంటే అది ఇంకా పాత, ఎప్పుడో తీసేసిన పార్టిషన్ అయ్యుండొచ్చు, జాబితాలో తర్వాతది చూడండి.

పైన చెప్పిన వంద జీబీ కేసు ఇక్కడికే వస్తుంది. ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్ కాపీలు డిస్క్ పొడుగునా దాస్తుంది, 4 కేబీ బ్లాకులైతే మొదటి కాపీ 32768వ బ్లాక్‌లో, తర్వాతది 98304లో, అలా దూరం పోతూ. మొదటి వంద జీబీ పాడైనా తర్వాతి కాపీల ఆధారంగా డీపర్ సెర్చ్ పాత పార్టిషన్ సరిహద్దులు పట్టగలదు. ఆ కాపీతో మౌంట్ చేసి చూడాలనుకుంటే ఎస్‌బీ అనే ఆప్షన్ ఉంది, దానికి నంబర్ 1 కేబీ లెక్కన ఇవ్వాలి, అంటే 32768కి బదులు నాలుగింతలు, 131072. ఇది తెలియక పనిచేయట్లేదని వదిలేసేవాళ్లు చాలామంది. కాపీలు ఎక్కడున్నాయో ఎంకేఈ2ఎఫ్ఎస్ కమాండ్ ఎన్ ఆప్షన్‌తో చెప్తుంది, కానీ ఆ ఎన్ మర్చిపోతే నిజంగానే ఫార్మాట్ చేసేస్తుంది, కాబట్టి క్లోన్ మీద తప్ప ఇంకెక్కడా కొట్టొద్దు. ఈ2ఎఫ్ఎస్‌సీకే కూడా అంతే, క్లోన్ మీదే, అది కూడా ఇమేజ్‌కి ఇంకో కాపీ ఉంటేనే. అది "బాగుచేయడం" అంటే అర్థంకాని ఐనోడ్లను కొట్టేయడమో, లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో పడేయడమో.

అదే పార్టిషన్‌ని మళ్లీ ఫార్మాట్ చేసేస్తే

పాత ఈఎక్స్‌టీ4 మీద అదే సైజులో కొత్త ఈఎక్స్‌టీ4 పడితే సూపర్‌బ్లాక్ కాపీలు కూడా అదే చోట్ల కొత్తవి పడతాయి, పై ఉపాయం పారదు. ఐనోడ్లు ఇంకా పూర్తిగా తుడుచుకుపోకపోతే, మొదట్లోనే సర్వర్ ఆపేయమన్నది అందుకే, ఆర్‌లైనక్స్ లాంటి ఉచిత టూల్‌తోనో, డబ్బులు పెట్టే యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్‌తోనో స్కాన్ చేస్తే కొన్ని ఫోల్డర్లు పేర్లతో సహా రావచ్చు. డీఎండీఈ ఉచిత వెర్షన్ కూడా ఒక ఫోల్డర్ నుంచి ఒకసారికి 4000 ఫైళ్ల దాకా తీయనిస్తుంది. డబ్బులు కట్టే టూల్ ఏదైనా, ముందు ఉచిత స్కాన్‌లో ఒక ఫొటో తెరుచుకుంటుందో లేదో ప్రివ్యూ చూశాకే కార్డు తీయండి.

ఏదీ కుదరకపోతే చివరి ఆశ ఫొటోరెక్. ఇది ఫైల్‌సిస్టమ్‌ని పట్టించుకోదు, డిస్క్ అంతా చదువుతూ జేపెగ్ ఎక్కడ మొదలవుతుంది, పీడీఎఫ్ ఎక్కడ మొదలవుతుంది అని గుర్తుల్ని బట్టి ఫైళ్లు ఏరుతుంది. పేర్లు రావు, ఫోల్డర్లు రావు. రికప్ డిర్ అనే ఫోల్డర్లలో 500 చొప్పున పోసేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఫైల్ ఆప్షన్లలో అన్నీ తీసేసి కావాల్సినవే పెట్టండి, లేకపోతే ఓఎస్ తాలూకు ఐకాన్లూ టెక్స్ట్ ముక్కలూ లక్షల్లో వచ్చి పడతాయి. ఫలితాలు వేరే డిస్క్‌కే వెళ్లాలి, మళ్లీ చెప్తున్నా.

వచ్చినవాటిని సర్దడానికి ఎగ్జిఫ్‌టూల్ ఉంది, కెమెరా ఫొటోల లోపలి తేదీని బట్టి సంవత్సరం, నెల ఫోల్డర్లలోకి పంపేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకు మాత్రం ఇది పనిచేయదు, వాట్సాప్ ఆ లోపలి వివరాలు తీసేస్తుంది, తేదీ ఉండేది ఫైల్ పేరులోనే, ఆ పేరే ఇప్పుడు లేదు. చుట్టాల పెళ్లిళ్ల ఫొటోలు సగం ఆ రకమే కాబట్టి కూర్చుని కళ్లతో ఏరుకోవాల్సిందే, లేదా ఆ గ్రూపులో ఇంకెవరి ఫోన్‌లోనైనా ఉన్నాయేమో అడగడం తక్కువ శ్రమ. పెద్ద వీడియోలు కూడా అంత బాగా రావు, ఒకే ఫైల్ డిస్క్ మీద ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్‌కి ఆ ముక్కలు కలపడం కష్టం.

ఎస్ఎస్‌డీ అయితే

ఎంకేఎఫ్ఎస్ ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడు ఆ ప్రాంతమంతా ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి ముందే చెప్పేస్తుంది, ఎక్స్‌ఎఫ్ఎస్, బీటీఆర్‌ఎఫ్ఎస్ కూడా అంతే. దీన్నే ట్రిమ్ అంటారు, మొదట్లో చెప్పిన ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ ఖాళీ స్థలం మీద వారానికోసారి చేసేదీ ఇదే. ఆ తర్వాత అక్కడ చదివితే చాలా ఎస్ఎస్‌డీలు సున్నాలే ఇస్తాయి. క్లోన్ చేసి హెక్స్ వ్యూయర్‌లో మధ్యమధ్యలో చూడండి, అన్నీ సున్నాలే అయితే స్కానింగ్‌కి రాత్రులు తగలేయొద్దు. ఫార్మాట్ కాని ప్రాంతం, అంటే ఎల్‌వీఎం ఖాళీగా వదిలిన భాగం లాంటిది, ఇంకా మిగిలుండొచ్చు, అక్కడ ప్రయత్నించడంలో తప్పులేదు. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు ఆ ట్రిమ్ ఆదేశాన్ని ఎస్ఎస్‌డీ దాకా పంపవు కాబట్టి బయటి డిస్క్ అయితే ఆశ కొంచెం ఎక్కువ. కొన్ని ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాసే) హార్డ్ డిస్కులు కూడా ట్రిమ్‌కి స్పందిస్తాయి, హార్డ్ డిస్కే కదా అని ధీమా వద్దు.

ఫైళ్లు దొరికాక యాప్‌లను లేపడం

నెక్స్ట్‌క్లౌడ్ అయితే డేటా ఫోల్డర్‌లో ఒక్కో యూజర్ కింద ఫైల్స్ అనే ఫోల్డర్‌లో మామూలు పేర్లతోనే ఫైళ్లుంటాయి. డేటాబేస్ పోయినా కొత్తగా యూజర్లను పెట్టి ఫైళ్లు అక్కడ వేసి, ఓసీసీ ఫైల్స్ స్కాన్ కొడితే వచ్చేస్తాయి. షేర్ లింకులూ ట్యాగులూ పోతాయి, అంతే. సర్వర్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం పాత కాన్ఫిగ్ ఫైల్‌లోని సీక్రెట్, ఎన్‌క్రిప్షన్ తాళాల ఫోల్డర్ రెండూ కావాలి.

ఇమ్మిచ్ అనే ఫొటోల యాప్ వాడేవాళ్లు అప్‌లోడ్ ఫోల్డర్ లోపల బ్యాకప్స్ అనే ఫోల్డర్ వెతకండి. అది తన డేటాబేస్ డంప్‌లు తానే అక్కడ పెట్టుకుంటుంది, ఆల్బమ్‌లూ ముఖాల పేర్లూ వాటితో తిరిగి తెచ్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్ నేరుగా దొరికితే పాత వెర్షన్ కంటైనరే వాడాలి, 14తో రాసింది 16లో తెరుచుకోదు. డాకర్ వాల్యూమ్‌లు మామూలుగా రూట్ డిస్క్‌లోనే, వార్ కింద లిబ్, దాని కింద డాకర్‌లో ఉంటాయి, ఓఎస్ డిస్క్ ఫార్మాట్ అయితే పోయేవి ఇవే. డేటా డిస్క్ దొరికిందన్న సంబరంలో ఈ సంగతి మర్చిపోయి ఓఎస్ ఎస్ఎస్‌డీని వాడుతూ పోకండి. ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే ఓఎస్) అయితే వీఎం డిస్కులు వేరే చోట బతికి, వాటి కాన్ఫిగ్ మాత్రం పోయుంటుంది. అదే నంబర్లతో ఖాళీ వీఎంలు సృష్టించి క్యూఎం డిస్క్ రీస్కాన్ కొడితే పాత డిస్కులు వాడని డిస్కులుగా కనబడతాయి, తగిలించుకోవడమే.

ఎప్పుడు చేతులెత్తేయాలి

డిస్క్ టిక్కు టిక్కుమంటున్నా, లైవ్‌లో అసలు కనబడకపోయినా, డీడీరెస్క్యూ వేగం కేబీల్లోకి పడిపోయి లేవకపోయినా పవర్ తీసేయండి. ఇక నడిపే కొద్దీ చెడుతుంది. క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి, మూత విప్పే ముందు మీ అనుమతి అడుగుతారా, డేటా రాకపోతే చార్జీ ఎంత, ఇవి రెండూ కాగితం మీద రాయించుకోండి. మామూలు రిపేర్ షాపులో "సాఫ్ట్‌వేర్ రికవరీ" అని చేసేది చాలావరకు మీరు ఇంట్లో చేయగలిగే ఫొటోరెక్ పనే, అదీ ఒక్కోసారి క్లోన్ లేకుండా నేరుగా అసలు డిస్క్ మీదే. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే క్లోన్ కాపీ ఇవ్వండి.

అంతా వచ్చిందనుకున్నాక ఫైళ్ల సంఖ్య చూసి సంతోషపడిపోకుండా ఒక్కో ఫోల్డర్‌లో కొన్ని ఫొటోలు, వీడియోలు తెరిచి చివరిదాకా చూడండి, థంబ్‌నెయిల్ బాగుండి లోపల సగం బూడిద రంగులో ఉండేవి ఉంటాయి. అసలు డిస్క్‌ని ఓ రెండు నెలలు అలాగే డ్రాయర్‌లో ఉంచండి, ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి లేదని అప్పుడే గుర్తుచేస్తారు. మళ్లీ ఎప్పుడైనా ఓఎస్ వేయాల్సొస్తే డేటా డిస్క్ సాటా కేబుల్ పీకేసి మొదలుపెట్టండి, లక్స్ ఉంటే క్రిప్ట్‌సెటప్‌తో హెడర్ బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, డాకర్ కంపోజ్ ఫైళ్లనూ ఎఫ్ఎస్‌ట్యాబ్‌నూ డేటా డిస్క్‌లోకి కూడా ఒక కాపీ వేయండి.